అర్రెం నాడు చెప్పిన మాట

కొత్తవాడలో చారల గుడ్డ పాట రాని ఆడమనిషి లేదు. కండెలు చుట్టే ముసలమ్మల దగ్గర్నుంచి పలక పట్టుకుని బడికి పోయే పిల్లల దాకా, బతుకమ్మ చుట్టూ నిలబడి ఆ పాట ఎత్తుకుంటే చాలు, చప్పట్లు వాటంతటవే పడతాయి. కన్నబిడ్డను నవ్వుతూ ఇంకొకరి ఒడిలో పెట్టిన తల్లి కథ అది. సగం పాట కాకముందే కొంగులు కళ్ల మీదికి పోతాయి. అయిపోయాక ఇంకొక్కసారి పాడమని ఎవరో ఒకరు అడుగుతారు.

ఆ వాడలో ఒక్క ఇంటి తలుపు మాత్రం పాట మొదలవగానే ధడాలున మూసుకుంటుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు వింతగా చూసి, "ఆమెకేం రోగమే?" అని అడుగుతారు. పాతవాళ్లు గొంతు తగ్గించి, "మొగిలమ్మకు తొలిసూరు బిడ్డ పురిట్లనే పోయింది. గందుకే ఇనలేదు, పాపం" అని సర్దిచెబుతారు. పాపమట! ఆ పాటలోని గుడ్డను నేసిన చేతులు ఆ తలుపు వెనకాలే ఉన్నాయని వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

మొగిలమ్మ మొదట్నుంచీ తలుపులేసుకునే మనిషి కాదు. పండగ తొమ్మిది రోజులూ ఇంట్లో ఆమె కాలు నిలిచేది కాదు. గునుగు పూలకు రంగులద్దడంలో ఆమె తర్వాతే ఎవరైనా. పెనిమిటి జంపఖానాల నూలుకు అద్దగా మిగిలిన రంగు కాగులోనే పూలు ముంచి తీసేది. వాడలో అందరి బతుకమ్మల కంటే ఆమె బతుకమ్మ ముదురు రంగులో మెరుస్తుంటే, "దొంగ రంగు! దొంగ రంగు!" అని తోటివాళ్లు ఏడిపించేవారు. "మీకూ మొగుళ్లున్నరు గద, మీరూ దొంగతనం చెయ్యుండ్రి" అని ఈమె నవ్వేది.

ఆమెకు గొంతు లేదు కానీ జ్ఞాపకముంది. ఒక్కో పాట ఒక్కో మనిషిని మోసుకొచ్చేది. అన్న వచ్చి చెల్లెను పండక్కి తీసుకుపోయే పాట వింటే చచ్చిపోయిన తల్లి బక్కమ్మ గుర్తుకొచ్చేది. బక్కమ్మకు ఆ పాట ఎప్పుడూ సగం వరకే వచ్చేది. తర్వాతది మరిచిపోయి, "ఆటెన్క అందరు మంచిగనే ఉన్నరు తియ్" అని ఒక్క మాటతో తేల్చేసేది. గౌరమ్మ సొమ్ములు పెట్టుకునే పాట వస్తే తన పెళ్లయిన ఏడు గుర్తుకొచ్చేది. ఆ ఏడు అత్త పోశమ్మ ఇచ్చిన దండకడియం పూలల్లో జారి నీళ్లపాలైంది. నెల రోజులు తిట్లు తింది. ఇప్పటికీ ఆ పాట వస్తే ఎడమచేయి తడుముకునేది.

ఇక ఆఖరి రోజు బతుకమ్మను సాగనంపే పాట. అది మాత్రం అరుణది.

అరుణ ఆడబిడ్డ బిడ్డ. మొగిలమ్మ పెనిమిటి కట్టయ్యకు చిలుకమ్మ అనే అక్క ఉంది. ఆమెను పరకాలలో ఇచ్చారు. ప్రతి ఏడూ పండగ ఐదో రోజు, అట్ల బతుకమ్మ నాటికి పరకాల బస్సు దిగి, "అత్తమ్మా!" అని కేకేసుకుంటూ గల్లీలోకి ఉరికొచ్చేది ఆ పిల్ల. దసరా మర్నాడు వెళ్లిపోయేది. ఏడాదికి ఏడెనిమిది రోజులు. మొగిలమ్మ మిగతా ఏడాదంతా ఆ ఏడెనిమిది రోజుల కోసం బతికేది. ఆ పిల్ల తిన్న కంచం విడిగా పెట్టుకునేది. దాని తల దువ్వితే దువ్వెనలో మిగిలిన వెంట్రుకలు పారేయడానికి మనసొప్పేది కాదు. "మేనకోడలి మీద గంత పానమా!" అని అమ్మలక్కలు ఆశ్చర్యపోయేవారు.

ఆశ్చర్యమెందుకు? అరుణ ఆమె కన్న కూతురు.

అరవై ఏడులో జరిగిందది. పురుడు కోసం చిలుకమ్మ పుట్టింటికి, అంటే కొత్తవాడకు వచ్చింది. మొగిలమ్మకు తల్లి లేదు, పోవడానికి పుట్టిల్లు లేదు. ఆమె పురుడూ ఆ ఇంట్లోనే. ఒక్క కప్పు కింద రెండు పురుళ్లు మంచివి కావని చుట్టుపక్కలవాళ్లు అంటూనే ఉన్నారు. నాలుగు రోజుల తేడాతో ఇద్దరూ కన్నారు. మొగిలమ్మ బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. చిలుకమ్మ బిడ్డ ఏడవనే లేదు. చిలుకమ్మకు అట్లా పోవడం అది మూడోసారి. ఈసారి ఒట్టి చేతులతో వస్తే మొగుడికి ఇంకో పెళ్లి చేస్తామని పరకాలలో అత్తగారు చెప్పే పంపింది.

వెనకగదిలో మంత్రసాని, పోశమ్మ, కట్టయ్య నిలబడి గుసగుసలాడుకున్నారు. మొగిలమ్మను ఎవరూ అడగలేదు. కట్టయ్య వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, "అక్క బతుకు నిలవెట్టాలె. మనకేమే, పడుసోళ్లం, మళ్లా పుడ్తరు" అన్నాడు. అంతే. పాలు తాగుతున్న బిడ్డను చూస్తూ ఎంత తేలిగ్గా అన్నాడో! మళ్లీ పుట్టడం మాట దేవుడెరుగు, ఆ తర్వాత ఆమెకు కడుపే రాలేదు.

మొగిలమ్మ బిడ్డ పోయిందని వాడంతా అనుకుంది. ఆమె గుండెలు బాదుకుని ఏడ్చింది, వచ్చినవాళ్లంతా ఓదార్చారు. దొంగ ఏడుపు ఏడవాల్సిన అవసరం ఆమెకు రానే లేదు. ఇరవై ఒక్కటో రోజున చిలుకమ్మ పరకాలకు బయల్దేరింది. అత్తవారి తరపు వాళ్లు ఎదుట కూర్చున్నారు. "బొట్టు పెట్టి, బిడ్డను ఒళ్లె పెట్టు. కండ్లల్ల నీళ్లు కనవడ్డయంటే చూడు!" అని పోశమ్మ చెవిలో చెప్పింది. మొగిలమ్మ బొట్టు పెట్టింది. నెలలు నిండిన రోజుల్లో తానే నేసిన చిన్న జంపఖానాలో చుట్టి బిడ్డను అందించింది. పెదవులు సాగదీసి నవ్వినట్టు ముఖం పెట్టింది. ఆ ముఖాన్ని పట్టుకుని నిలబడడానికి తలుపు చెక్కను ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకే తెలుసు.

చిలుకమ్మ పెట్టిన షరతు ఒక్కటే. "పిల్లకు తెలిసిన్నాడు మీ గడప తొక్కనియ్య. ఏడాదికోపారి పండుగకు పంపుత, అత్తమ్మవు అత్తమ్మ లెక్కనే ఉండాలె" అంది. మొగిలమ్మ సరేనంది. ఒప్పుకోక ఏం చేస్తుంది?

చిన్న జంపఖానా మాత్రం బిడ్డ వెంటే ఉండిపోయింది. ఆరు ఎర్ర చారలు, చివరి చార నలుపు. అరుణ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని కొత్తవాడకు తెచ్చుకునేది. అన్నం తినాలన్నా, పుస్తకం చదవాలన్నా దాని మీదే. ఒకసారి మొగిలమ్మ మగ్గం పక్కన పరుచుకుని కూర్చుని, "అత్తమ్మా, ఆఖరు చార నల్లగెందుకున్నది?" అని అడిగింది. "నేసినామెకు ఎర్ర నూలు అయిపోయినట్టున్నది బిడ్డా" అంది మొగిలమ్మ, పేక పోగు మీంచి కళ్లెత్తకుండా. "జర ఎక్కువ అద్దుకోవద్దా ఆమె!" అని అరుణ విసుక్కుంది. ఆ తిట్టును కూడా మొగిలమ్మ దాచుకుంది.

ఎనిమిదేళ్లు బిడ్డ గుట్టు ఆమె కడుపులోనే ఉంది. పోశమ్మ పోయింది. మంత్రసాని పోయింది. కట్టయ్యతో మాట్లాడబోతే, "అయిపోయినదాన్ని ఎందుకు తోడుతవ్" అని మగ్గం గుంటలో దిగేవాడు. మనిషన్నాక ఎవరితోనో ఒకరితో చెప్పుకోకపోతే ఎట్లా బతుకుతుంది? మొగిలమ్మ లక్ష్మీనర్సమ్మతో చెప్పుకుంది.

లక్ష్మీనర్సమ్మ ఆ గల్లీలో పాట చెప్పే మనిషి. పాట ఎత్తుకుంటే నాలుగు గల్లీల అవతలికి వినిపించేది. పాత పాటలతో సరిపెట్టుకునే రకం కాదు. గల్లీలో ఎవరి మేక తప్పిపోయినా, ఎవరి అల్లుడు అలిగినా, మర్నాటి కల్లా పాటలో ఉండేది. "దాని ముంగట తుమ్మినా పాట కడతది" అని ఆడవాళ్లు నవ్వేవారు. మొగిలమ్మకు మాత్రం ఆమె అక్క. పురిట్లో బిడ్డ పోయిందనుకుని పది రోజులు గంజి కాచి తాగించింది ఆమే.

పండగలో ఆరో రోజును అర్రెం అంటారు. ఆనాడు బతుకమ్మ అలుగుతుంది. పూలు కోయరు, పేర్చరు, పాడరు. ఆడవాళ్ల చేతులకు పనుండదు. డెబ్బై ఐదులో అర్రెం నాడు ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఆఖరి రోజు సద్దుల కోసం నువ్వులు చెరుగుతున్నారు. ఎదురుగా గల్లీలో అరుణ తొక్కుడుబిళ్ల ఆడుతోంది. మొగిలమ్మ చూపు ఆ పిల్ల మీంచి కదలడం లేదు.

"నీ కడుపుల ఏదో ఉన్నదే మొగిలీ. చెప్పరాదు" అంది లక్ష్మీనర్సమ్మ.

"చెప్తె పాటల పెడ్తవ్."

"ఈనాడు గౌరమ్మనే అలిగి కూసున్నది, పాటెక్కడిదే? అర్రెం నాడు ఇన్నది పాట గాదు. నీ నెత్తి మీద ఒట్టు." నువ్వుల చేట పక్కన పెట్టి నిజంగానే తల మీద చేయి పెట్టింది.

మొగిలమ్మ చెప్పింది. ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. పొత్తిళ్లు, ఎర్ర నూలు అయిపోవడం, నల్లచార, పోశమ్మ చెవిలో చెప్పిన మాట, తలుపు చెక్క, అన్నీ. "నవ్వినట్టు చేసిన్నక్కా. ఆ ఎనుకకు మూడ్దినాలు నా మూతి నొప్పి వెట్టింది" అంది. లక్ష్మీనర్సమ్మ వింటూ ఏడ్చింది. మొగిలమ్మ ప్రాణం తేలికైంది. ఆ ఏడు సద్దుల బతుకమ్మ ఆడినంత సంబరంగా ఆమె ఎన్నడూ ఆడలేదు.

మూడేళ్లు ఆ ఒట్టు నిలిచింది.

డెబ్బై ఎనిమిదిలో పక్క గల్లీవాళ్లు మైకు సెట్టు పెట్టించారు. సుగుణ అని ఒక చదువుకున్న పిల్ల కాగితం చూసి మైకులో పాడేది. మొదటి రోజు ఎంగిలిపూల నాటి నుంచే ఈ గల్లీ ఆడవాళ్లు ఒక్కొక్కరే పళ్లెం ఎత్తుకుని అటు జారుకున్నారు. ఐదో రోజుకు లక్ష్మీనర్సమ్మ చుట్టూ ఎనిమిది మంది మిగిలారు. పాట ఎత్తుకుంటే పక్క గల్లీ మైకు మింగేసేది. ఇరవై ఏళ్లు పాట చెప్పిన మనిషికి అది చిన్న దెబ్బ కాదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. "నా గొంతు ఎండిపోయిందని అంటాండ్రట" అని మొగిలమ్మ దగ్గరే కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఫికర్ చెయ్యకు అక్కా, మైకెన్నొద్దులు ఉంటది" అని మొగిలమ్మే ఓదార్చింది. తన మెడకే ఉరి బిగుస్తోందని ఆమెకేం తెలుసు!

సద్దుల నాడు పొద్దు వాలుతుండగా బతుకమ్మలు మధ్యలో పెట్టారు. అరుణకు అప్పటికి పదకొండేళ్లు. కొత్త లంగా ఓణీలో అత్తమ్మ పక్కనే నిలబడింది. పక్క గల్లీలో మైకు గరగరలాడుతోంది. లక్ష్మీనర్సమ్మ కొంగు నడుముకు చుట్టి, "కొత్త పాట చెప్తాన, ఇనుండ్రి" అని ఎత్తుకుంది.

పాలకుర్తి గుట్ట కింద ఒక ఇల్లాలు ఉందట. ఆమెకు ఆడబిడ్డ ఉందట. ఇద్దరికీ ఒక్కసారే పురుళ్లట. మొగిలమ్మ వంగి చప్పట్లు కొడుతూ అందరితోపాటు "ఉయ్యాలో" అంటోంది. నాలుగో చరణానికి అర్థమైంది. నోరు మాత్రం ఆగలేదు. ఆడే ఆటలో నోరు ఆపితే పక్కవాళ్లు చూస్తారు. తన కడుపు కోతకు తానే పలుకుతూ ఆమె గుండ్రంగా తిరిగింది.

ఆరు చారలెరుపు ఉయ్యాలో
ఆఖరుది నలుపు ఉయ్యాలో
ఎర్రనూలొడిసెను ఉయ్యాలో
ఏమి చేతునమ్మ ఉయ్యాలో

పక్కన అరుణ చప్పట్లు ఆగిపోయాయి.

కన్నబిడ్డనెత్తి ఉయ్యాలో
నవ్వుకుంట ఇచ్చె ఉయ్యాలో

ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. పక్క గల్లీ నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి చేరారు, తర్వాత పదిమంది. మైకు ముందు ఎవరూ లేక సుగుణ కూడా వచ్చి నిలబడింది. లక్ష్మీనర్సమ్మ ముఖం వెలిగిపోతోంది. అరుణ వలయంలోంచి బయటికి నడిచి, ఇంట్లోకి పోయింది.

మొగిలమ్మ వెనకే ఉరికింది. అరుణ జంపఖానా నేల మీద పరిచి చారలు లెక్కపెడుతోంది. ఆరు. ఏడోది నలుపు. తలెత్తకుండా, "అత్తమ్మా, ఇది నువ్వు నేసినవా?" అని అడిగింది.

కాదంటే అబద్ధం. అవునంటే చిలుకమ్మకిచ్చిన మాట పోతుంది.

"నన్ను నవ్వుకుంటిచ్చినవా?"

ఈ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుంది. లేక కాదు. పదకొండేళ్లుగా ఆ జవాబు గుండెలో రాయిలా ఉంది. నోరు తెరిచేలోపు వాకిట్లోంచి కట్టయ్య వచ్చి, "పాటల మాటలు నమ్ముతరా బిడ్డా? ఆడోళ్లు కూసుండి అల్లుతరు గవన్ని" అని గదమాయించాడు. మొగిలమ్మ పెనిమిటి ముఖం చూసింది, పిల్ల ముఖం చూసింది, ఊరుకుంది. అరుణ గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ ఊరుకోవడాన్ని మొగిలమ్మ ఆ తర్వాత ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

దసరా మర్నాడు చిలుకమ్మ పిల్లను తీసుకుపోవడానికి వచ్చింది. అరుణ ఏం చెప్పిందో, ఎట్లా చెప్పిందో, చిలుకమ్మ గడప లోపలికి కూడా రాలేదు.

"మాట తప్పినవ్ మొగిలీ."

"నేను పిల్లకు చెప్పలే ఒదినె, నీ కాళ్లు మొక్కుత."

"నీ నోట్లకెళ్లి రాంది పాటలకెట్ల పోయింది?"

అరుణ వెనక్కి తిరగకుండా బస్సెక్కింది. అత్తమ్మా అని కూడా పిలవలేదు.

ఆ సాయంత్రమే లక్ష్మీనర్సమ్మ గిన్నెలో సత్తుపిండి పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. "మైకు గల్లీ మొత్తం మన దిక్కే మళ్లింది సూశినవా? ఎట్లున్నదే పాట?" అని అడిగింది. ఎట్లుందని అడగడానికి ఆమెకు నోరెట్లా వచ్చిందో!

"నెత్తి మీద చెయ్యి వెట్టినవ్ గదక్కా."

లక్ష్మీనర్సమ్మ నవ్వు తగ్గింది కానీ పోలేదు. "నీ పేరు పెట్టలె, ఊరు పెట్టలె. పాలకుర్తంటి. నిన్ను దేవతను చేసిన గదనే పిచ్చిదానా. ఊరూరు నిన్ను మొక్కుతది."

"చారలెందుకు వెట్టినవ్?"

"అవి మంచిగ కుదిరినయ్."

"నేను నవ్వలె అక్కా. నవ్వినట్టు చేసిన. నీకు చెప్పిన గద."

"నవ్వినట్టు చేసిందంటే పాటల నిలవదే. చప్పట్లు తప్పుతయ్."

మొగిలమ్మ ఆ గిన్నెను తీసుకుని వాకిట్లో బోర్లించింది. సత్తుపిండి మట్టిలో కలిసింది. పండగ పిండిని నేలపాలు చేయడం ఎంత తప్పో ఆమెకు తెలియక కాదు. "నా బిడ్డనిచ్చి నీ పాట నిలవెట్టుకున్నవ్. పో. మళ్లా నా వాకిట్ల అడుగు వెట్టకు" అంది. లక్ష్మీనర్సమ్మ ఖాళీ గిన్నె చంకలో పెట్టుకుని, గల్లీలో అందరూ చూస్తుండగా ఇంటికి పోయింది.

ఆ తర్వాత ఎనిమిది పండగలు మొగిలమ్మ తలుపులేసుకునే గడిపింది. మొదటి ఏడు ఏదో ఒక రోజు పరకాల బస్సు దిగి అరుణ వస్తుందని చూసింది. రెండో ఏడు కూడా చూసింది. పాట మాత్రం ఎక్కడా ఆగలేదు. కొత్తవాడ నుంచి అత్తవారిళ్లకు పోయిన పిల్లలు దాన్ని హనుమకొండకు, పరకాలకు, ఎటంటే అటు తీసుకుపోయారు. లక్ష్మీనర్సమ్మ మంచాన పడింది కానీ పాట మంచాన పడలేదు. "జర ఆ ఒక్క మాట మార్చిపోవే" అని ఒకసారి కబురు పంపింది మొగిలమ్మ, అన్నేళ్ల పంతం మింగుకుని. "నా నోట్లున్నప్పుడు నాది. ఇప్పుడు ఎవలని ఆపాలె?" అని జవాబొచ్చింది. ఆ ఏడాదే లక్ష్మీనర్సమ్మ పోయింది. మొగిలమ్మ చూడటానికి పోలేదు.

ఎనభై ఆరులో అరుణ పెళ్లయింది. పెళ్లికూతురును గంపలో కూర్చోబెట్టి మేనమామ మోసుకురావాలి కాబట్టి కట్టయ్యకు పిలుపొచ్చింది. తమ్ముడొక్కడే రావాలని చిలుకమ్మ కచ్చితంగా చెప్పి పంపింది. "నువ్వు పోతవా?" అని మొగిలమ్మ అడిగింది. "పోకుంటే పదిమంది ఏమనుకుంటరు?" అన్నాడు కట్టయ్య. ఇస్త్రీ చేసిన అంగీ వేసుకుని పోయి, కన్నబిడ్డను మేనకోడలిలా గంపలో మోసి, భోజనం చేసి వచ్చాడు. "బిడ్డ మంచిగుంది. హన్మకొండల నూలు దుకాణమోళ్లు. పాట సుత మంచిగ చెప్తదట" అన్నాడు. మొగిలమ్మ ఆ రోజు అతనికి నీళ్లు కూడా ఇవ్వలేదు.

మరుసటి ఏడు సద్దుల నాడు ఆమె మనసు ఒకచోట నిలవలేదు. పిల్ల ఇప్పుడు పెళ్లైన మనిషి. రేపో మాపో తల్లవుతుంది. కడుపుతీపి ఏమిటో తెలియబోయే మనిషికి ఒక్క మాట చెబితే చాలు. తిరిగి బిడ్డ కావాలని కాదు, అమ్మా అని పిలవాలనీ కాదు. నవ్వుకుంటూ ఇవ్వలేదన్న ఒక్క మాట దానికి తెలియాలి. అంతకుమించి ఆమెకు ఈ లోకంలో కావలసింది లేదు. రంగు కాగులో గునుగు పూలు ముంచింది. తొమ్మిదేళ్ల తర్వాత బతుకమ్మ పేర్చి, పళ్లెం తలకెత్తుకుని హనుమకొండ రిక్షా ఎక్కింది.

నూలు దుకాణం వెనక గల్లీ ఆడవాళ్లతో నిండిపోయి ఉంది. మొగిలమ్మ తన బతుకమ్మను పక్కగా దించి, వలయంలో చేరింది. ఎవరూ ఎవరని అడగలేదు, పండగ నాడు ఎవరు వచ్చినా చోటిస్తారు. నడుమ నిలబడి పాట చెబుతున్నది అరుణ. మెడలో కొత్త పుస్తెలు, చేతుల నిండా గాజులు. గొంతు ఖంగుమంటోంది. తన తల్లి బక్కమ్మ గొంతు అది. బక్కమ్మలా సగంలో మరిచిపోయే గొంతు మాత్రం కాదు.

అరుణ ఆమెను చూసింది. చూపు ఒక్క క్షణం ఆగి, ముందుకు సాగింది.

"అరుణా, చారల గుడ్డ పాట చెప్పు" అని ఎవరో అడిగారు. అరుణ ఎత్తుకుంది. పాలకుర్తి గుట్ట, ఆడబిడ్డ, రెండు పురుళ్లు. మొగిలమ్మ వంగి చప్పట్లు కొడుతోంది. ఆరు చారలు వచ్చాయి, నలుపు వచ్చింది. కన్నబిడ్డనెత్తి అని అరుణ అనగానే, అందరికంటే ముందు, పగిలిన గొంతుతో, గట్టిగా అనేసింది.

"ఏడ్చుకుంట ఇచ్చె ఉయ్యాలో!"

చప్పట్లు తప్పాయి. ఒకరి చేయి ఒకరికి తగిలి వలయం ఆగింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. "పాట చెడగొడ్తివి గదమ్మా!" అని పక్కామె కసిరింది. అరుణ అత్తగారు ముందుకొచ్చి, "ఎవలీమె? నీకేమైన ఎరుకనా?" అని కోడలిని అడిగింది.

మొగిలమ్మ కూతురి ముఖంలోకి చూసింది. ఆ మాట దానికి చేరింది. పిల్ల కళ్లల్లో అది దిగడం ఆమెకు స్పష్టంగా కనిపించింది. ఇరవై ఏళ్ల బరువు దిగిపోతుందనుకుంది.

అరుణ పెదవులు సాగదీసింది. చుట్టూ ఉన్న అత్తవారి ఆడవాళ్లందరి వైపూ చూసి, నవ్వింది. ఎదుట కూర్చున్నవాళ్ల కోసం, తలుపు చెక్క పట్టుకుని, ఒకనాడు తాను పెట్టిన ముఖమే అది. మొగిలమ్మ పోల్చుకుంది. దాని కింద ఏముంటుందో ఆ గల్లీ మొత్తంలో ఆమె ఒక్కతికే తెలుసు.

"మా మేనమామ భార్య. కొత్తవాడల ఉంటది" అంది అరుణ. "ఆమెకు ఈ పాట రాదు."

అని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఆ చరణం దగ్గరికి వచ్చినప్పుడు మొగిలమ్మ వైపే చూస్తూ, ఒక్కో మాటా విడమరిచి, నవ్వుకుంట ఇచ్చె అని పాడింది. అందరూ ఉయ్యాలో అన్నారు. మొగిలమ్మ కూడా అంది.